మంచులో ముడుచుకున్న షాంపేన్

“సీసా చచ్చిపోయిందనే అనుకున్నాను తల్లీ, ఒట్టు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని పీలుస్తుంటే ఖాళీ చేసిన ఇంట్లోకి తొంగి చూసినట్టుంది. మనిషి లేడు, మంచం లేదు, గోడకి మేకు కూడా లేదు. మా వదినేమో నా మొహంలోకే చూస్తోంది. మా ఆయనేమో నేలకేసి చూస్తున్నాడు. హోటలాయన ఒక్క గుక్క తాగి ‘బావుంది’ అన్నాడు. పరామర్శకొచ్చినవాళ్ళు అంటారు చూడు, పోయినాయన చాలా మంచివాడండీ అని, అచ్చం అలాగ!”

అని, కబుర్లకొచ్చి ఎదురుగా కూర్చున్న వీధిలో పిల్లతో చెప్పి సెల్లారమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని లోపలి గదిలోంచి ఇంకో గొంతు దూసుకొచ్చింది.

“ఏమే, ఆ పిల్లని మధ్యలో ఎక్కించావేంటి? మొదటి స్టాపు నుంచి చెప్పు!”

ఆ గొంతు వదినగారిది. సెల్లారమ్మ భర్తకి అక్క. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. బస్సు దిగి చాలా కాలమైనా గొంతు మాత్రం ఇంకా ఫుట్‌బోర్డు మీదే వేలాడుతోంది. గుమ్మంలో ఎవరైనా కాసేపు నిలబడితే చాలు, “లోపలికి జరగండి, లోపలికి” అనేస్తుంది.

మొదటి స్టాపు అంటే పెద్ద హోటల్లో గ్లాసులు కడిగే తొట్టి. అప్పటికి ఆమె ఇంకా సెల్లారమ్మ కాదు. సబ్బునీళ్ళలో వేళ్ళు నానిపోయిన కొత్త కోడలు. కడిగే ముందు ప్రతి గ్లాసునీ ఒకసారి వాసన చూసేది. చేతికి కాగితం ముక్క దొరికితే చదవకుండా పారేయలేనివాళ్ళు ఉంటారు కదా, అదో యావ. ఒకరోజు ఒక గ్లాసు ఎత్తి, “తడిసిన అట్టపెట్టె కంపు కొడుతోంది, ఇది తాగిందెవరో పాపం” అని తనలో తను గొణుక్కుంటుంటే, వెనకాల నిలబడ్డ సీసాల గది పెద్దాయన చెవిన పడింది. బిరడా చెడిన వైన్‌కి వచ్చే వాసన సరిగ్గా అదే.

“చేతులు తుడుచుకుని నాతో రా అమ్మాయ్” అన్నాడాయన. హోటలు కింద నేలమాళిగలోకి మెట్లు దింపాడు. చీకటిగా, చల్లగా, ఊపిరి బిగబట్టుకున్నట్టుండే గది. ఆ మెట్లు దిగిన మనిషి మళ్ళీ తొట్టి దగ్గరికి రాలేదు. పెద్దాయన పోయాక ఆ గది ఆమెదే అయింది. పైన వడ్డించేవాళ్ళు “సెల్లార్లో అమ్మని అడుగు, సెల్లార్లో అమ్మని అడుగు” అనీ అనీ, చివరికి అదే పేరైపోయింది.

ఆ గదిలో ఎన్ని రకాలున్నా ఆమె మనసు మాత్రం ఒక మూల అరలో ఉండేది. పాత షాంపేన్ పడుకున్న అర అది.

“షాంపేన్ అంటే అందరికీ బ్యాండు మేళం తల్లీ. టప్పుమనాలి, పొంగాలి, పక్కవాడి చొక్కా తడవాలి. కుర్రతనంలో అదీ అంతే. మామూలుగా రకరకాల ఏళ్ళ రసాలు కలిపి చేస్తారు. పంట కళ్ళకద్దుకునేలా పండిన ఏడు మాత్రం ఆ ఒక్క ఏటి ద్రాక్షతోనే చేసి, సీసా మీద ఆ సంవత్సరం వేస్తారు. అలాంటి దాన్ని కదపకుండా, వెలుతురు తగలకుండా ఏళ్ళకేళ్ళు పడుకోబెడితే, గోల తగ్గించి మాట నేర్చుకుంటుంది. బుడగలు సన్నబడతాయి. రంగు ముదురుతుంది. చెప్పాల్సింది మాత్రం పెరుగుతుంది. మా వదినకి పూర్తిగా వ్యతిరేకం.”

“వినబడుతోందే!” అంది లోపలి గది.

అలా సాగిపోతున్న బతుకులో ఒక జ్వరం వచ్చింది. పెద్ద జ్వరమేం కాదు. వచ్చింది, పోయింది. పోతూ పోతూ ముక్కుని కూడా వెంట తీసుకుపోయింది. లేచిన రోజున ఉల్లిపాయ కోస్తే కళ్ళు మండాయి గానీ వాసన లేదు. కాఫీ వేడిగా ఉంది, అంతే. డాక్టరు టార్చి లైటు వేసి చూసి, “రావచ్చు, రాకపోవచ్చు. వస్తే మెల్లగా వస్తుంది” అన్నాడు. ఆ సాయంత్రమే ఆమె హోటలాయన గదిలోకి వెళ్ళి తాళంచెవులు బల్ల మీద పెట్టింది. ముక్కు లేకుండా ఆ గదిలో నిలబడటం, చూపు పోయినవాడు గేటు కాపలా కాయడం లాంటిదని ఆవిడే చెప్పేసింది. హోటలాయన ఎంత బతిమాలినా వినలేదు. ఆయన చేసేది లేక దుప్పట్లు, తువ్వాళ్ళు ఉండే బట్టల గది అప్పగించాడు. రిటైరయ్యేదాకా అక్కడే, తెల్లటి గుట్టల మధ్య.

వీడ్కోలు రోజున అందరికీ గోడ గడియారం ఇస్తారు ఆ హోటల్లో. ఈమెకి మాత్రం ఆయన స్వయంగా కిందికి వెళ్ళి, మూల అరలో మిగిలిన ఆఖరి పాత షాంపేన్ తీసుకొచ్చి చేతుల్లో పెట్టాడు. “ఇది మీరు పెంచిన బిడ్డ. ఇంకెవరికో పోయడానికి నాకు చేతులు రావు” అన్నాడు.

ఇంటికొచ్చి సీసాని ఒళ్ళో పెట్టుకుని, “నా ముక్కు తిరిగొచ్చిన రోజున దీన్ని తెరుస్తాను, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకండి” అంది సెల్లారమ్మ.

“రాకపోతే?” అంది వదిన.

“రాకపోతే దాని ఖర్మా, నా ఖర్మా.”

వదినగారు అలాంటి జవాబుతో సరిపెట్టుకునే మనిషి కాదు. మర్నాడు పొద్దున్నే కాఫీ పొడి, నిమ్మతొక్క, లవంగాలు, బట్టల సబ్బు నాలుగు గిన్నెల్లో వేసుకుని వచ్చి, మరదలి కళ్ళకి తువ్వాలు కట్టేసింది. టికెట్లు తనిఖీ చేసినట్టు ఒక్కోటీ ముక్కు కిందికి తెచ్చి, “ఇదేంటి? ఊఁ, చెప్పు, ఇదేంటి?” అని నిలదీసేది. అలా రోజూ. మొదట్లో ఏదీ లేదు. తర్వాత ఎప్పుడో అన్నీ ఒకేలా, మాడిన రబ్బరులా తగలడం మొదలైంది. ఆ తర్వాత ఒక్కోసారి ఏదో లీలగా తట్టి, పట్టుకోబోతే జారిపోయేది.

“సబ్బుని కాఫీ అన్నావు. ఇవాళ్టినుంచి కాఫీ నేనే పెడతాను” అనేది వదిన. పైకి వెటకారం. వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం తమ్ముడు ఒకసారి చూశాడు. చూడనట్టు వెళ్ళిపోయాడు.

ఈలోగా ఎండాకాలం వచ్చిపడింది. అప్పుడు పట్టుకుంది సెల్లారమ్మకి అసలు బెంగ. హోటలు నేలమాళిగలో సుఖంగా నిద్రపోయిన సీసా ఇప్పుడు రేకుల వరండా ఉన్న ఇంట్లో, సామాన్ల గది మూల, తడిగుడ్డ కప్పుకుని పడుకుంది. అంత వయసు మీదపడ్డ షాంపేన్ వేడికి తట్టుకోదు. లోపల్లోపలే వాడిపోయి, పులిసిపోయి, ఒకనాటికి ఉత్త గోధుమరంగు నీళ్ళవుతుంది. ముక్కు రాకముందు తెరిస్తే తనకి దక్కదు. ముక్కు వచ్చేదాకా ఆగితే అసలు మిగలదు. ముందు ముక్కు వస్తుందా, ముందు సీసా పోతుందా? రోజూ గుడ్డ తడిపేటప్పుడు ఇదే ప్రశ్న. సీసాని వెలుతురుకి ఎత్తి చూడాలని చేతులు దురద పెట్టేవి. చూస్తే కదులుతుందని మానుకునేది.

“పసిపిల్లని కూడా ఇంత చూసుకోలేదు నువ్వు” అనేవాడు భర్త.

ఆయన ఐసు ఫ్యాక్టరీలో పని. దిమ్మలు పోయడం, గోనెసంచులు కప్పడం, మధ్యలో రంపపు పొట్టు చల్లి పేర్చడం. ఆయన్ని వీధిలో అందరూ ఐసాయన అంటారు. పెళ్ళైన కొత్తలో ఇంటికి రాగానే ఆ తడి గోనె వాసన భరించలేక ఆమె రోజూ గుమ్మంలోనే కేకలేసేది. ముక్కు పోయాక ఆ కేకలూ పోయాయి. తిట్టు తినకుండా ఇంట్లోకి రావడం ఆయనకి ఏదో లోటుగానే ఉండేది, పైకి అనలేదు గానీ.

ఒక మధ్యాహ్నం ఆయన వచ్చి చెప్పులు విప్పుతున్నాడు. సెల్లారమ్మ వరండాలో బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండానే, “ఆ గోనె కంపు చొక్కా బయటే విప్పి తగలెయ్యండి, ఎన్నిసార్లు చెప్పాలి మీకు?” అంది.

అని, మడతపెడుతున్న చొక్కా వదిలేసింది.

ఆయన ఒక చెప్పుతో అలాగే నిలబడిపోయాడు. లోపల్నుంచి వదిన చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చింది. “ఏమన్నావు? ఏమన్నావే? మళ్ళీ అను!”

“గోనె... తడి గోనె. కింద కొంచెం చెక్కపొట్టు కూడా.”

వదినగారు తమ్ముడి భుజం పట్టుకుని చొక్కాతో సహా మరదలి ముందుకు తోసింది. ఆయన సిగ్గుపడుతూ నిలబడితే, సెల్లారమ్మ ఆ చొక్కాలో మొహం పెట్టి, ఏడుపో నవ్వో తెలియకుండా ఊపిరి పీల్చుకుంది. ఇంతకాలం తిట్టిన వాసన అది. ఇప్పుడు అత్తరైపోయింది.

ఆదివారం తెరవాలని అక్కడికక్కడే తీర్మానం అయిపోయింది.

అయితే ఆ ఆదివారానికి ఎవరి ఏర్పాట్లు వాళ్ళు చేశారు, ఒకరికొకరు చెప్పుకోకుండా. వదినగారు హోటలుకి ఫోను చేసి హోటలాయన్ని పిలిచేసింది. ఐసాయన ఇంకా పెద్ద పని చేశాడు. చల్లగా ఉంటే లోకంలో ఏదీ చెడదని ఆయన సిద్ధాంతం. దాని మీదే బతికాడు. భార్య పొద్దున్నే కూరగాయలకి వెళ్ళగానే ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఐసుని సన్నగా కొట్టి, పెద్ద బకెట్లో సీసాని నిలువునా పాతి, మధ్యమధ్యలో ఉప్పు చల్లి, పైన గోనె కప్పేశాడు. ఉప్పు పడితే ఐసు ఇంకా కరుకుగా చల్లబడుతుంది. అందులో ఆయన చెయ్యి తిరిగిన మనిషి. పైగా ఎప్పటికప్పుడు కరిగిన నీళ్ళు ఒంపి, కొత్త ఐసు నింపుతూ సాయంత్రందాకా కాపలా కూర్చున్నాడు.

“బకెట్లో ఏం పెట్టారండీ అంత భద్రంగా?” అని ఆమె అడిగితే, “నీ బిడ్డే, జోకొడుతున్నాను” అన్నాడు గర్వంగా. కాసిన్ని ఐసు ముక్కలు వేసి ఉంటాడులే అనుకుంది ఆమె. తన ముక్కు గురించిన భయంలో మునిగిపోయి గోనె ఎత్తి చూడలేదు.

సాయంత్రం హోటలాయన వచ్చేసరికి ఆమె తుడిచిన గ్లాసుల్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. ఆయన మంచి మనిషి. “నా నాలిక టీకి తప్ప దేనికీ పనికిరాదమ్మా” అని తనే చెప్పుకునే రకం. కానీ ఆయన ముందు ఓడిపోవడం వేరు. వదినవైపు ఒక చూపు చూసింది. “సీటు ఖాళీగా ఉంటే ఎక్కించుకున్నాను” అంది వదిన, ఏమీ ఎరగనట్టు.

సెల్లారమ్మ సీసా అందుకుంది. బిరడా మీద తీగ గూడు విప్పి, బిరడాని కదలకుండా పట్టుకుని సీసాని తిప్పింది. వేళ్ళు ఏదీ మరిచిపోలేదు. టప్పుమనలేదు. నిద్రలో ఒత్తిగిల్లినవాళ్ళు విడిచే నిట్టూర్పులా చిన్న శబ్దం. గ్లాసుల్లో పోస్తే పాత ఇత్తడి రంగులో, అక్కడొకటి ఇక్కడొకటి బుడగతో దిగింది.

ఆమె గ్లాసు ఎత్తి వాసన చూసింది.

ఏమీ లేదు.

ఇంకోసారి చూసింది. ముక్కు లోపల చల్లగా గుచ్చుకుంది, అంతే. ఒక గుక్క నోట్లో పోసుకుంది. పుల్లటి చన్నీళ్ళు. వదిన తన గ్లాసు రుచి చూసి, ఎన్నడూ లేనిది, నోరు మూసుకుంది. హోటలాయన గొంతు సవరించుకుని, “బావుంది” అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె లోపల ఏదో కూలబడింది. ముక్కు మళ్ళీ పోయిందా? ఎండకి సీసానే పోయిందా? రెండూ పోయాయా? ఏది పోయిందో తెలుసుకునే ముక్కు కూడా లేదు కదా తనకి!

భర్త మొహం చూడలేక గ్లాసు వైపే చూస్తూ కూర్చుంది. చూస్తుంటే, గ్లాసు బయట మంచు పొర తెల్లగా కట్టింది. వేలితో రాస్తే గీత పడింది. వేలు జివ్వుమంది.

“ఏమండీ,” అంది మెల్లగా. “బకెట్లో ఏమేం వేశారు?”

“ఐసు.”

“ఐసేనా?”

“కొంచెం ఉప్పు.”

“ఎప్పటినుంచి?”

“నువ్వు బజారుకెళ్ళినప్పటినుంచి. ఎక్కడా వెచ్చబడనిస్తేనా! గట్టిగా చూసుకున్నాను” అన్నాడాయన. తన పనిలో లోపం లేదని చెప్పబోయి, అందరి మొహాలూ చూసి, గొంతు తగ్గించేశాడు.

సెల్లారమ్మ వెనక్కి వాలి, నవ్వడం మొదలుపెట్టింది. పడీ పడీ నవ్వింది. “ముసలిదాన్ని పట్టుకెళ్ళి మంచులో పూడ్చారు కదండీ! ఇలాంటి పాత షాంపేన్‌కి కాస్త చల్లదనం చాలు. గడ్డకట్టే చలిలో పెడితే వాసనలన్నీ కాళ్ళు కడుపులో పెట్టుకుని పడుకుంటాయి. అది చావలేదు. ముడుచుకుంది, అంతే. ఎవరూ తాగకండి. గ్లాసులు రెండు చేతులతో పట్టుకోండి. ఊరికే పట్టుకుని కూర్చోండి.”

“నిజంగానా?” అన్నాడు భర్త.

“నిజమో కాదో ఇప్పుడు తేలుతుంది.”

నలుగురూ బల్ల చుట్టూ, పిచ్చుక పిల్లల్ని పట్టుకున్నట్టు గ్లాసుల్ని దోసిళ్ళలో పెట్టుకుని కూర్చున్నారు. మంచు పొర చెమటయింది. చెమట చుక్కలై వేళ్ళ సందుల్లోంచి కారింది. ఐసాయన తన గ్లాసుకేసి కళ్ళార్పకుండా చూస్తూ అన్నాడు: “పుట్టి బుద్ధెరిగాక ఐసు కరగాలని కోరుకున్నది ఇవాళే.”

“తొందర తొందరగా కరగమను, రైట్ రైట్!” అంది వదిన. హోటలాయన నవ్వు ఆపుకోలేక గ్లాసు ఒలకబోసుకోబోయాడు.

అప్పుడు తగిలింది.

సెల్లారమ్మ చెయ్యెత్తి అందరినీ ఆపింది. కళ్ళు మూసుకుంది. మొదట ఎక్కడో దూరంగా, పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె పైన కాలిన అంచు. అది ఉందా లేదా అనుకునేలోపు వెనకాలే తేనె. తేనె పక్కనే ఎండిపోయి మెలికలు తిరిగిన నారింజ తొక్క. ఆమె ఊపిరి వదలడానికి కూడా భయపడింది. వదిలి, మళ్ళీ పీల్చింది. ఎక్కడికీ పోలేదు. ఈసారి ఇంకా నాలుగడుగులు దగ్గరికొచ్చింది. చేత్తో నలిపిన అక్రోటు పప్పు, వేయించిన కాఫీ గింజ, వాన వెలిసిన అడవిలో పుట్టగొడుగు, వీటన్నిటి అడుగున, పాత చెక్కపెట్టె మూత తెరిస్తే వచ్చే తియ్యటి చీకటి.

ఒక్కొక్కటీ పైకి చెప్పింది. చెబుతుంటే గొంతు పెరిగిపోయింది. రొట్టె అంటే హోటలాయన వాసన చూసి “అవును!” అన్నాడు. నారింజ అంటే వదిన “ఆఁ, ఆఁ, దొరికింది!” అంది. తర్వాత వదినే ముక్కు గ్లాసులో దూర్చి, “ఏమే, మా డిపోలో మొట్టమొదటి బస్సు తోలు సీటు కూడా ఉంది ఇందులో!” అంది. సెల్లారమ్మ వెతికింది. ఉంది. సన్నగా, పాత మెత్తటి తోలు.

“వదినా! ఇది నాకు అందలేదు, నీకెలా అందింది?”

“రోజూ నీ ముక్కుకి పాఠం చెప్పింది ఎవరనుకున్నావు?”

అప్పుడు తాగారు. పుల్లదనం ఎటు పోయిందో, నాలుక మీద పట్టులా జారింది. సన్నటి బుడగలు గుసగుసలాడి సర్దుకున్నాయి. మింగేశాక కూడా రుచి వెళ్ళలేదు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి మాట్లాడే చుట్టంలా నిలబడింది. ఐసాయన ఒక గుక్క తాగి, “నాకు ఈ రొట్టెలూ సీట్లూ ఏవీ తెలీవు గానీ, ఇదిగో, నువ్వు చెబుతుంటే మాత్రం ఇంకో గుక్క తాగాలనిపిస్తోంది” అన్నాడు. ఆమె తన గ్లాసు ఆయన గ్లాసులోకి సగం ఒంపింది.

హోటలాయన వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. వదిన వెంటనే “లోపలికి జరగండి” అంది. ఆయన నిజంగానే జరిగి, “అమ్మా, కింద వేరే అరల్లో పాత సీసాలు ఇంకా ఉన్నాయి. ఏది బతికుందో ఏది పోయిందో చెప్పే మనిషి లేక మీరెళ్ళినప్పటినుంచి ఎవరం ముట్టుకోలేదు. వారానికో పూట రాగలరా?” అన్నాడు.

“వస్తాను సార్. కానీ మెట్ల దగ్గర మీరు కొత్తగా పెట్టించిన తెల్ల లైటు తీయించెయ్యాలి. పాత మసక బల్బే కావాలి. సీసాల కళ్ళు మండుతాయి.”

“తీయించేస్తాను.”

“తువ్వాళ్ళు మడతపెట్టమంటే పెట్టను.”

“అయ్యో, అడగను!”

“అయితే ఎల్లుండే వస్తాను” అంది సెల్లారమ్మ. అనేసి, గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని, వీధి మొత్తం తనదే అన్నట్టు నిలబడింది.

ఇదంతా నిన్నటి మాట. చెప్పడం పూర్తయ్యేసరికి ఆమె లేచి, గోడ అద్దం ముందు జుట్టు బిగించి ముడేసుకుంది. వదిన వచ్చి వెనకనుంచి పిన్ను సరిచేసింది. “చూశావా, రేపు డ్యూటీకెళ్ళే మొహం వచ్చేసింది దీనికి.”

“ఊరుకో వదినా.” అంతలో ఏదో గుర్తొచ్చి గిరుక్కున తిరిగింది. “అన్నట్టు తల్లీ, వెళ్తూ వెళ్తూ కింద దర్జీ కొట్లో ఒక మాట చెప్పవూ? సెల్లార్లో వేసుకునే నా పాత నల్లకోటు పొద్దున ఇచ్చొచ్చాను. నడుం దగ్గర కాస్త వదులు చేస్తున్నాడు. ఎంత వదులు చేసినా పరవాలేదు గానీ, ఇస్త్రీ అయ్యాక సెంటు చల్లే అలవాటుంది ఆ మహానుభావుడికి. ఒక్క చుక్క చల్లినా నాకు రేపు సీసాలేవీ పలకవు. చల్లొద్దన్నానని చెప్పు. వినకపోతే సెంటు సీసా లాక్కుని వచ్చెయ్యి, నేను చూసుకుంటాను. పరిగెత్తు, కొట్టు మూసేస్తాడు!”